స్ప్లిట్ టైమ్ అరిచే తల్లిదండ్రులకు: అపోహలు - వాస్తవాలు

పిల్లల మీట్‌లో 800 మీటర్ల రేసు మొదలైతే చాలు, కంచె పొడవునా ఫోన్లు పైకి లేస్తాయి, "ముప్పై ఆరు! ముప్పై ఆరు!" అని కేకలు. రేసు మధ్యలో అప్పటిదాకా అయిన సెకన్లవి, అదే స్ప్లిట్ టైమ్. కోచ్‌ని కాబట్టి ప్రతి సీజన్‌లో నన్ను అడిగేదీ ఇదే: "సార్, స్ప్లిట్ చెప్తే మావాడు ఇంకా బాగా పరిగెడతాడు కదా?"

అపోహ: టైమ్ వింటే పిల్లలు దాన్నిబట్టి స్పీడ్ సర్దుకుంటారు.

వాస్తవం: సర్దుకోరు, పెంచేస్తారు. పదకొండేళ్ల పిల్ల రొప్పుతూ మలుపు తిరుగుతుంటే దానికి అంకె ఎక్కదు, అమ్మ గొంతే ఎక్కుతుంది. ఆ గొంతులో కంగారుంటే వెనకబడిపోయానని, సంతోషముంటే ఇంకా గట్టిగా వెళ్లాలని అనుకుంటుంది. ఎలా అనుకున్నా భుజాలు చెవుల దాకా లేస్తాయి, అడుగు సాగుతుంది, ఊపిరి తప్పుతుంది. లెక్క చూడండి. 800కి 2:40 టార్గెట్ అంటే ల్యాప్‌కి, అంటే 400 మీటర్ల ఒక రౌండ్‌కి, 80 సెకన్లు, 200 మీటర్లకి 40. మొదటి 200 ముప్పై ఆరులో వచ్చిందంటే నాలుగు సెకన్లు అప్పు చేసినట్టు, చివరి 200లో వడ్డీతో సహా కట్టాలి. సరిగ్గా అప్పుడే మనం "సూపర్, సూపర్" అంటాం!

పెద్దవాళ్లూ మొదటి ల్యాప్ ఫాస్ట్‌గానే పరిగెడతారుగా అని వాదిస్తారు కొందరు. నిజమే, 2012 లండన్ ఒలింపిక్స్‌ 800లో కెన్యా రన్నర్ డేవిడ్ రుడిషా 1:40.91తో ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు మొదటి ల్యాప్ 49.28, రెండోది 51.63. తేడా రెండున్నర సెకన్లు కూడా లేదు. మన పిల్లలు 74 తర్వాత 92 పరిగెడుతున్నారు. దీనికి రుడిషాని సాక్ష్యం తేకండి, దయచేసి.

ఇంకో చిక్కు, పదిమంది అరుస్తుంటే ఎవరి టైమ్ ఎవరికని? ముందున్న పిల్లకి చెప్పిన అంకె వెనక పదిహేను మీటర్ల దూరంలో వస్తున్న పిల్ల చెవిలో పడుతుంది. ఒకసారి నా దగ్గర ట్రైనింగ్ తీసుకునే అమ్మాయి రేసు అయ్యాక నీళ్లు కూడా తాగకుండా వచ్చి, "నాన్న ఎందుకు తిట్టారు సార్?" అంది. ఆయన తిట్టలేదు పాపం, ఎనభై రెండు అన్నాడు, అంతే. ఆయన టెన్షన్ నాకు తెలుసు, పిల్ల కష్టపడుతుంటే చేతులు కట్టుకుని చూడటం మాటలు కాదు. అరవకుండా ఉండలేకపోతే పేరు పెట్టి పిలవండి, "వదులుగా, వదులుగా" అనండి. అంకెలే కావాలంటే ముందు ప్రాక్టీస్‌లో అలవాటు చేయాలి: ఒకే మనిషి, ఒకే చోటు, ఆ అంకె వింటే ఏం చేయాలో పిల్లకి ముందే తెలిసి ఉండాలి.

అపోహ: బయటినుంచి టైమ్ చెప్తే డిస్‌క్వాలిఫై చేస్తారు.

ఈ పుకారు ఎవరు పుట్టిస్తారో గానీ ఏటా తిరుగుతుంది. ఈ ఆటల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ రూల్స్ ప్రకారం స్టాండ్స్‌లోంచి చెప్పడం తప్పు కాదు. పోటీ ఏరియా లోపలికి దూరి రెఫరీ అనుమతి లేకుండా టైమ్ చెప్పడం, ట్రాక్ పక్కన పిల్లాడితో పాటు పరిగెత్తడం మాత్రం తప్పు. రెఫరీ వార్నింగ్ ఇచ్చేది కూడా మీకు కాదు, పిల్లాడికి. మళ్లీ అదే జరిగితే పిల్లాడే అవుట్. మీ మీట్‌లో రూల్ ఇంకా కఠినంగా ఉండొచ్చు, ముందే అడగండి.

అపోహ: 1500 మీటర్ల రేసులో ఫినిష్ లైన్ మొదటిసారి దాటితే ఒక ల్యాప్ అయినట్టు. కాదండీ, అప్పటికి అయింది 300 మీటర్లే. అక్కడి అంకెని 400 టైమ్ అనుకుని "వరల్డ్ రికార్డు స్పీడ్!" అని అరిచినవాళ్లని చూశాను.

అపోహ: మా ఫోన్‌లో తక్కువ వచ్చింది, అఫీషియల్ టైమ్ తప్పు. స్టార్ట్ చప్పుడు విని నొక్కితే వంద మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకి అది దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా అందుతుంది, కాబట్టి మీ వాచీలో టైమ్ తగ్గుతుంది. స్టార్ట్ గన్ పొగ గానీ ఫ్లాష్ గానీ చూసి నొక్కాలి. ఫినిష్‌లో చూడాల్సింది కాలు కాదు, తల కాదు, మొండెం. ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని టైమ్‌కీపర్ల టేబుల్ దగ్గర గొడవపడకండి, పక్కనే మీ పిల్లాడు తల దించుకుని నిలబడి ఉంటాడు.