బొచ్చు ఊడిన పామరేనియన్లు: 1990లో తేలిన లెక్క, నేటికీ తెగని తగువు

తొడల వెనక, తోక మొదట్లో, మెడ చుట్టూ బొచ్చు పలచబడుతుంది. కొన్ని నెలలకు నల్లబారిన నున్నటి చర్మం బయటపడుతుంది. దురద లేదు, పుండు లేదు, తిండి తగ్గదు, ఆట తగ్గదు. తల మీద, ముందు కాళ్ల మీద బొచ్చు మాత్రం చెక్కుచెదరదు. పామరేనియన్లలో తరచుగా కనిపించే ఈ స్థితిని వైద్యులు 'అలోపీషియా ఎక్స్' అంటారు. పెంపకందారుల నోట 'బ్లాక్ స్కిన్ డిసీజ్' అన్న పేరే ఎక్కువగా నలుగుతుంది. పూడుల్, చౌచౌ, కీస్‌హాండ్, అలాస్కన్ మాలమ్యూట్‌లకూ ఇది వస్తుంది.

దీని మీద తగువు మళ్లీ రాజుకుంది. క్లిప్పర్‌తో బొచ్చంతా తీసేసిన గ్రూమర్‌దే తప్పని యజమానులు అంటున్నారు. మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథి హార్మోన్లన్నీ పరీక్షించి వెంటనే ట్రైలోస్టేన్ అనే మందు మొదలుపెట్టాలని కొందరు వైద్యుల మాట. చూపుకే తప్ప ప్రాణానికి ఏ ముప్పూ లేని లోపానికి అడ్రినల్ గ్రంథిని అణిచే మందు ఎందుకని మరికొందరి ప్రశ్న. మందు చుట్టూ సాగుతున్న ఈ వాదం అర్థం కావాలంటే 1990 దగ్గర ఆగాలి. ముందుగా అంతకుముందు కథ.

1980 దశకమంతా నడిచిన సిద్ధాంతం ఒక్కటే: ఈ కుక్కల్లో ఎదుగుదల హార్మోన్ లోపించింది. జైలజీన్ గానీ క్లోనిడిన్ గానీ, ఆ హార్మోన్‌ను పురిగొల్పే మందు ఒకటి ఇచ్చి రక్తం తీస్తే, ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఎదుగుదల హార్మోన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, వీటిలో లేవలేదు. వారాల తరబడి ఆ హార్మోన్‌నే ఇంజెక్షన్లుగా ఇస్తే చాలా కుక్కలకు బొచ్చు తిరిగి వచ్చింది కూడా. అయితే ఆ హార్మోన్ ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది. బొచ్చు కోసం వైద్యానికి వెళ్లిన కుక్క మధుమేహంతో తిరిగి వచ్చే ప్రమాదం అప్పట్లోనే తెలుసు.

ఇక 1990. ష్మైట్జెల్, లోత్రోప్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో బొచ్చు ఊడిన పామరేనియన్లున్నాయి, పోలిక కోసం వేరే జాతుల ఆరోగ్యవంతమైన కుక్కలూ ఉన్నాయి. వీటికి తోడు మూడో గుంపు ఒకటి చేర్చారు: నిండుగా బొచ్చున్న పామరేనియన్లు. ఈ విషయంలో కీలకమైన పని ఏదైనా ఉందంటే అది ఆ మూడో గుంపును చేర్చడమే.

ఊడిన పామరేనియన్లలో ఎదుగుదల హార్మోన్ పైకి లేవలేదు. బొచ్చు నిండుగా ఉన్న పామరేనియన్లలోనూ లేవలేదు. ఆ తర్వాత అడ్రినల్‌ను పురిగొల్పే ఏసీటీహెచ్ హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి అడ్రినల్ గ్రంథి ఏమేం విడుదల చేస్తుందో కొలిచారు. ప్రొజెస్టిరోన్, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ వంటి మధ్యస్థ స్టెరాయిడ్లు వేరే జాతుల కుక్కల కంటే ఎక్కువగా వచ్చాయి. అవి కూడా ఊడినవాటిలోనూ, ఊడనివాటిలోనూ ఎక్కువే. అడ్రినల్ ముఖ్య హార్మోన్ కార్టిసాల్ తయారీలో పనిచేసే 21-హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ పాక్షికంగా లోపించి ఉండొచ్చని, దాంతో పై మెట్టులోని పదార్థాలు పోగుపడుతున్నాయని రచయితలు ఊహించారు.

ఆ ఫలితంలో రెండు ముక్కలున్నాయి. ఈ హార్మోన్ తీరు జాతి మొత్తానికీ ఉందనేది మొదటిది. అంటే ఆ అంకె చూసి ఏ కుక్కకు బొచ్చు ఊడుతుందో, ఏది నిండుగా ఉంటుందో చెప్పలేం. తప్పు అడ్రినల్‌లో ఉండొచ్చనేది రెండోది. వైద్యరంగం రెండో ముక్కను పట్టుకుని పరుగెత్తింది, మొదటిది మూలన పడింది. నేడు ప్రయోగశాలలు అమ్ముతున్న ఖరీదైన స్టెరాయిడ్ ప్యానెళ్లన్నీ, అంటే ఒకేసారి పలు హార్మోన్లు కొలిచే పరీక్షలన్నీ, ఆ పరుగులో పుట్టినవే.

రెండో ముక్క నిలబడిందా అంటే, పెద్దగా లేదు. 2002లో జపాన్ పరిశోధకులు కుక్కల 21-హైడ్రాక్సిలేజ్ జన్యువును విడదీసి చూశారు; పామరేనియన్ల బొచ్చు ఊడటానికి కారణమని చెప్పదగ్గ మార్పు అందులో దొరకలేదు. 2003లో ఫ్రాంక్, ఆమె సహచరులు బొచ్చు ఊడిన 276 కుక్కల హార్మోన్ ఫలితాలను ఒకచోట పెట్టి చూశారు. సుమారు 73 శాతం కుక్కల్లో ఏదో ఒక స్టెరాయిడ్ హద్దు దాటింది. మిగతావాటిలో ఏదీ దాటలేదు, అయినా బొచ్చు ఊడింది. లోపం రక్తంలో కంటే వెంట్రుక కుదురులోనే ఉండొచ్చన్న అనుమానం బలపడింది ఇక్కడే. తర్వాత, 2017లో బెర్న్ విశ్వవిద్యాలయ బృందం ఈ కుక్కల చర్మంలోని జన్యువుల పనితీరును పరిశీలించింది. వెంట్రుకను కొత్త చక్రంలోకి నెట్టే సంకేతాలు మందగించినట్టు కనిపించింది. వెంట్రుక పెరిగే దశ, ఆగే దశ, రాలే దశ అని చక్రం తిరగాలి. వీటిలో అది ఆగే దశలోనే ఇరుక్కుపోతుంది.

ట్రైలోస్టేన్ వైపు వాళ్లకూ గట్టి ఆధారం ఒకటుంది. 2004లో సెరుండోలో బృందం 16 పామరేనియన్లకు, 8 మినియేచర్ పూడుళ్లకు ఆ మందు ఇచ్చింది. పామరేనియన్లలో సుమారు 85 శాతానికి, పూడుళ్లన్నిటికీ బొచ్చు పూర్తిగా వచ్చింది. ఇది చిన్న ఫలితం కాదు. కానీ ఆ మందు అడ్రినల్ లోపాన్ని సరిదిద్దే బొచ్చు తెప్పించిందా అన్నది వేరే సంగతి. కార్టిసాల్ అతిగా తయారయ్యే కుషింగ్స్ జబ్బుకు ట్రైలోస్టేన్ వాడే కుక్కల్లో 17-హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ తగ్గదు. దోషి అని ముద్ర వేసిన పదార్థం తగ్గకుండానే బొచ్చు మొలుస్తోందంటే, ఆ ముద్ర మీదే అనుమానం రావాలి.

మోతాదు సంగతీ చూడాలి. అమెరికాలో 2008 డిసెంబరులో ట్రైలోస్టేన్‌కు అనుమతి వచ్చింది కుషింగ్స్‌కే, బొచ్చుకు కాదు. అక్కడి లేబుల్ ప్రకారం ఆరంభ మోతాదు రోజుకు కిలో బరువుకు 2.2 నుంచి 6.7 మి.గ్రా. 2004 నాటి పామరేనియన్లకు సగటున ఇచ్చింది అంతకంటే బాగా ఎక్కువ. అడ్రినల్ మరీ అణిగిపోతే సోడియం పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే మొదలుపెట్టిన 10 రోజులకు, 4 వారాలకు, 12 వారాలకు ఏసీటీహెచ్ పరీక్ష, లవణాల పరీక్ష తప్పనిసరి. వాంతి, నీరసం, తిండి మానేయడం ఏది కనిపించినా ఆ పూట మందు ఆపి వైద్యుడికి చూపించాలి. మైటోటేన్ అనే మరో మందు అయితే అడ్రినల్ గ్రంథి కణాలనే చంపుతుంది. బొచ్చు కోసం దాన్ని వాడమనేవాళ్లు ఇప్పుడు అరుదు.

ట్రైలోస్టేన్ వద్దనేవాళ్లు చెప్పే క్రమం ఇలా ఉంటుంది. మగ కుక్కకు ఇంకా ఆపరేషన్ కాకపోతే ముందు వృషణాలు తీయించాలి. చాలా కుక్కలకు కొన్ని నెలల్లో బొచ్చు వస్తుంది, కొన్నిటికి తర్వాత మళ్లీ ఊడుతుంది. ఆపరేషన్ వద్దనుకుంటే చర్మం కింద, మగ హార్మోన్‌ను కొంతకాలం అణిచే డెస్లోరెలిన్ 4.7 మి.గ్రా. ఇంప్లాంట్ పెట్టించవచ్చు. 2014లో వచ్చిన పరిశోధనలో 16 మగ కుక్కల్లో 12కు బొచ్చు వచ్చింది, ఆపరేషన్ అయిన 4 ఆడ కుక్కల్లో ఒక్కదానికీ రాలేదు. దీని తర్వాతి మెట్టు నిద్ర హార్మోన్ మెలటోనిన్: చిన్న కుక్కకు 3 మి.గ్రా. చొప్పున 12 గంటలకు ఒకసారి. కనీసం మూడు నెలలు ఆగకుండా ఇస్తే గానీ పనిచేసిందో లేదో తేలదు. రెండో వారానికే లాభం లేదని మానేసేవాళ్లే ఎక్కువ. మనుషుల కోసం అమ్మే నమిలే బిళ్లల్లో, గమ్మీల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో లేబుల్ చదివి చూసుకోవాలి. అది కుక్క రక్తంలో చక్కెరను గంటలోపే కూల్చేస్తుంది. మెలటోనిన్‌తో కాస్త మత్తు తప్ప పెద్ద ఇబ్బంది ఉండదు. ఒకసారి పనిచేసిన మందు, బొచ్చు మళ్లీ ఊడినప్పుడు పనిచేయకపోవచ్చు. ఇవేవీ ఫలించకపోతే చర్మానికి తేమ అందేలా చూసుకోవడం, ఎండకు, చలికి చొక్కా తొడగడం. కుక్కకు బొచ్చు లేదన్న బెంగ ఉండదు, ఉండేది మనకే.

గ్రూమర్ మీది నింద దగ్గరకు వస్తే, అందులో నిజం కొంతే ఉంది. దట్టమైన లోపలి బొచ్చున్న జాతుల్లో వెంట్రుకలు ఎక్కువ కాలం ఆగే దశలోనే ఉంటాయి. అలాంటి దశలో చర్మం దాకా కత్తిరిస్తే కొత్తది రావడానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలలు పడుతుంది, అరుదుగా రెండేళ్లు. ఇది అలోపీషియా ఎక్స్ కాదు. దీని అంచు క్లిప్పర్ నడిచిన గీత వెంటే ఉంటుంది, చుట్టూ ఉన్న బొచ్చు మామూలుగానే మెరుస్తుంది. అలోపీషియా ఎక్స్ అయితే కత్తిరించకముందే జాడలుంటాయి: పైకి నిలిచే గరుకు వెంట్రుకలు ముందుగా రాలిపోయి, లోపలి ఉన్ని లాంటి బొచ్చే మిగిలి, రంగు వెలిసి, పెద్ద కుక్కకు కుక్కపిల్ల బొచ్చు వేసినట్టుంటుంది. బ్లేడు పెట్టే ముందు తోక ఎత్తి, తొడల వెనక వేళ్లతో విడదీసి చూస్తే ఇది పట్టుబడుతుంది. అనుమానం ఉంటే కత్తెరతో అంగుళం పొడవు వదిలి సరిచేయడమే మేలు. ముందే ఫొటోలు తీసి పెట్టుకున్న గ్రూమర్ తర్వాత ఎవరితోనూ వాదించాల్సిన అవసరం రాదు.

గాయమైన చోటే బొచ్చు మొలవడం ఈ జబ్బులోని వింత. బయాప్సీ కోసం చర్మం తీసిన చోట గుండ్రంగా ఒక కుచ్చు లేస్తుంది, చుట్టూరా బోడిగానే ఉంటుంది. ఇది ఎప్పటినుంచో తెలిసిందే. దీన్నే ఆధారం చేసుకుని 2015లో తోబుట్టువులైన రెండు ఆడ పామరేనియన్లకు మత్తిచ్చి చర్మమంతా సన్నటి సూదుల రోలర్ నడిపారు. 12 వారాల్లో 90 శాతం బొచ్చు వచ్చింది. రెండే కుక్కలు గనక అందరికీ ఇదే దారి అనలేం. అయినా రక్తంలోని హార్మోన్లను ముట్టుకోకుండా బొచ్చు తెప్పించవచ్చని ఇది చూపించింది. హార్మోన్ ప్యానెల్ వాదులు దీనికి తృప్తికరమైన జవాబు ఇవ్వలేదు.

ఇంతకీ తగువులో సగం కుక్కలకు అసలు అలోపీషియా ఎక్స్ ఉందా అన్నది కూడా అడగాలి. మిగతా జబ్బులేవీ కావని తేలాకే ఆ పేరు పెట్టాలి. డెమోడెక్స్ పురుగు కోసం చర్మాన్ని వేళ్లతో నొక్కి, మినరల్ ఆయిల్ రాసిన మొండి బ్లేడుతో సన్నగా రక్తం చెమర్చేదాకా గీకి, మూడు నాలుగు చోట్ల నుంచి తీసింది మైక్రోస్కోప్ కింద చూడాలి. పైపైన గీకితే పురుగు దొరకదు, అది కుదురు లోతున ఉంటుంది. తామరకు వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం ఒక్కటే సరిపోదు. పిల్లీ కుక్కా మోసే మైక్రోస్పోరమ్ కేనిస్ అనే శిలీంధ్రం ఒక్కటే దాని కింద మెరుస్తుంది, అదీ అన్నిసార్లూ కాదు. కల్చర్ ఫలితం కోసం మూడు వారాలు ఆగాలి. థైరాయిడ్‌కు ఆ గ్రంథి హార్మోన్ టీ4 ఒక్కటే చూస్తే వేరే జబ్బు వల్లో, స్టెరాయిడ్, మూర్ఛ మందు ఫినోబార్బిటాల్ వల్లో తగ్గిన అంకెను చూసి మోసపోతాం; ఫ్రీ టీ4, థైరాయిడ్‌ను పురిగొల్పే టీఎస్‌హెచ్ కలిపి చూడాలి. రోజుకు కిలోకు 100 మి.లీ. మించి నీళ్లు తాగుతుంటే, అంటే మూడు కిలోల కుక్క 300 మి.లీ. దాటితే, కుషింగ్స్ పరీక్ష చేయాలి. వృషణం ఒకటే దిగిన మగ కుక్కకు చనుమొనలు ఉబ్బితే లోపల మిగిలిన వృషణంలో గడ్డ ఉందేమో స్కాన్ చేయించాలి.

చివావాకు చెవుల మీద ఊడేది, నీలి రంగు యార్క్‌షైర్ టెరియర్‌కు రంగు వల్ల ఊడేది, రేబిస్ టీకా వేసిన చోట రెండు మూడు నెలలకు పూడుల్‌కు గుండ్రంగా ఊడేది, జుట్టు బిగించి కట్టిన క్లిప్పు వల్ల మాల్టీస్‌కు నెత్తిన ఊడేది వేర్వేరు సంగతులు. బయాప్సీ చేస్తే 6 మి.మీ. పంచ్‌తో బాగా బోడిగా ఉన్న చోట్ల నుంచి మూడు నాలుగు ముక్కలు తీయాలి. ముందు అక్కడ గట్టిగా రుద్ది కడిగితే పై పొర పోయి స్లైడు పనికిరాదు. అప్పటికీ పాథాలజిస్ట్ 'వెంట్రుక చక్రం ఆగింది' అనే రాయగలరు; ఎందుకు ఆగిందో రక్తపరీక్షలు, కుక్క తీరు కలిపి చూసి చెప్పాలి.

పెంపకందారుల పాత్ర ఈ గొడవలో దాదాపు ఎవరూ ఎత్తడం లేదు. ఇది కుటుంబాల్లో నడుస్తుంది, పైగా తరచుగా రెండు మూడేళ్ల వయసులో గానీ బయటపడదు. అప్పటికే ఆ కుక్కకు పిల్లలు పుట్టి ఉంటాయి. ముందుగా పట్టుకునే డీఎన్ఏ పరీక్ష లేదు. ఊడిన కుక్కనూ దాని తోబుట్టువులనూ జత కట్టించకుండా ఉండటమే ఇప్పటికి ఉన్న మార్గం. పిల్లను కొనేవాళ్లు తల్లిదండ్రుల ఫొటోలు ఐదేళ్లు దాటిన వయసువి అడగాలి, అవి కూడా ముందు నుంచి తీసినవి కాదు, వెనక నుంచి తోక ఎత్తి తీసినవి.