పాయింట్ క్లౌడ్‌లో కోణాలు: సున్నా ఎక్కడ, దిక్కు ఎటు

పాయింట్ క్లౌడ్ అంటే లేజర్ స్కానర్ పట్టుకున్న బిందువుల గుంపు, ఒక్కో బిందువుకూ ఎక్స్, వై, జెడ్ విలువలుంటాయి. కానీ స్కానర్ వాటిని నేరుగా కొలవదు. అది కొలిచేది ఒక దూరం, రెండు కోణాలు. చాలా పరికరాలు లోపలే మార్చి ఇస్తాయి కాబట్టి ఈ సంగతి గుర్తుండదు. ముడి కొలతల టెక్స్ట్ ఫైలు చేతికొచ్చినప్పుడే చిక్కు. అందులో అంకెలుంటాయి గానీ, కోణం ఏ ప్రమాణంలో ఉందో, ఎక్కడి నుంచి ఎటువైపు కొలిచారో తరచుగా ఉండదు.

ఆ ఫైలును సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు ఒక్కో కాలమ్‌లో కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడాలి. దిగంశ, అంటే అడ్డంగా తిరిగే కోణం, పూర్తి చుట్టు స్కాన్‌లో 6.28 దగ్గర ఆగితే రేడియన్లు, 360 దగ్గర ఆగితే డిగ్రీలు, 400 దగ్గర ఆగితే సర్వేవాళ్లు వాడే గాన్‌లు. వీటిలో తప్పు జరిగితే బొమ్మే చెబుతుంది. గాన్‌లను డిగ్రీలనుకుంటే 40 డిగ్రీల మేర దృశ్యం తన మీదే పడుతుంది. డిగ్రీలను గాన్‌లనుకుంటే 36 డిగ్రీల ఖాళీ మిగులుతుంది. డిగ్రీలను రేడియన్లనుకుంటే గోడలు, నేల ఏవీ మిగలవు. స్కానర్ చుట్టూ చెదిరిన చుక్కల మబ్బే. మారువేషంలో వచ్చేది మరొకటుంది: 45.3000 అంటే 45 డిగ్రీల 30 నిమిషాలు అని రాసే పద్ధతి. దశాంశ భాగం ఎక్కడా .5959 దాటకపోతే అదేనని అనుమానించాలి.

నిలువు కోణం దగ్గర గందరగోళం ఎక్కువ. ఉన్నతాంశను క్షితిజ తలం నుంచి −90 నుంచి +90 దాకా కొలుస్తారు. శిరోకోణాన్ని నడినెత్తి నుంచి 0 మొదలు 180 దాకా కొలుస్తారు. ఒకటి 90 లోంచి తీసేస్తే రెండోది వస్తుంది. తారుమారు ఏ వైపు జరిగినా గుర్తు ఒక్కటే: జెడ్ విలువల్లో రుణ సంఖ్య కనబడదు, స్కానర్ కింది నేల కూడా పైకి లేచిపోతుంది. శిరోకోణం 180 దాటితే కంగారుపడనక్కర్లేదు. తల సగం చుట్టు మాత్రమే తిరిగి, అద్దం పూర్తి చుట్టు తిరిగే స్కానర్లలో అది సహజమే, కింద రాసిన సూత్రం దాన్ని సరిగ్గానే చూసుకుంటుంది. పొరపాటనుకుని ఆ వరుసలు తీసేస్తే సగం స్కాన్ పోతుంది.

అన్నిటికన్నా మోసకారి దిక్కు. గణితంలో దిగంశ ఎక్స్ అక్షం నుంచి అపసవ్యంగా నడుస్తుంది, సర్వేలో ఉత్తరం నుంచి సవ్యంగా నడుస్తుంది. రెండో దానికి ఎక్స్ = దూరం × కొస్(ఉన్నతాంశ) × సైన్(దిగంశ), వై = దూరం × కొస్(ఉన్నతాంశ) × కొస్(దిగంశ), జెడ్ = దూరం × సైన్(ఉన్నతాంశ). మొదటి దానికి ఎక్స్, వైలలో దిగంశకు సంబంధించిన సైన్, కొస్‌లు చోటు మార్చుకుంటాయి. పొరబడితే వచ్చేది అద్దంలో ప్రతిబింబం. పొడవులన్నీ సరిపోతాయి కాబట్టి టేపుతో కొలిచి చూసినా దొరకదు, ఎంత తిప్పినా సరికాదు. బోర్డు మీది అక్షరాలు తిరగబడ్డాయేమో చూడటమే సులువైన పరీక్ష.

స్కాన్‌లను దాచే ప్రామాణిక ఫైలు రకమైన ఈ57 ఫార్మాట్‌లో ఈ బెడద లేదు. కోణాలు రేడియన్లలో, దిగంశ ఎక్స్ నుంచి అపసవ్యంగా, ఉన్నతాంశ క్షితిజ తలం నుంచి అని ఆ ప్రమాణమే నిర్దేశించింది. పదహారు లేజర్లుండే స్కానర్ వెలోడైన్ వీఎల్‌పీ-16 సంగతి వేరు. అది పంపే డేటా ప్యాకెట్‌లో దిగంశ డిగ్రీలో నూరో వంతుల్లో, దూరం 2 మిల్లీమీటర్ల మెట్లలో ఉంటాయి. నిలువు కోణం ఉండనే ఉండదు. లేజర్ సంఖ్యను బట్టి పట్టికలో చూసుకోవాలి. 0వ లేజర్ −15 డిగ్రీలు, 1వది +1, 2వది −13. వరుసగా పెరుగుతాయనుకుంటే దృశ్యం ముక్కలవుతుంది. పాయింట్ క్లౌడ్‌లను దాచే మరో ఫైలు రకమైన ల్యాస్ ఫైళ్లలోని స్కాన్ కోణం అసలు నిరూపకమే కాదు, బిందువుకు తోడు సమాచారం మాత్రమే.

దూరం సున్నా ఉన్న వరుసలు తరచుగా తిరిగిరాని కిరణాలు. తీసేయకపోతే మూలబిందువు దగ్గర గుట్టపడతాయి. బిందువులు తగ్గించేటప్పుడు కోణాల సగటు తీయకూడదు: 359.9కి, 0.1కి సగటు 180 వస్తుంది, బిందువు వెనక్కి ఎగిరిపోతుంది. ముందు ఎక్స్, వై, జెడ్‌లకు మార్చి, ఆ తర్వాత సగటు తీయాలి. దశాంశాల విషయంలో పిసినారితనం పనికిరాదు. డిగ్రీలను రెండు దశాంశాలకే రాస్తే 50 మీటర్ల దూరంలో ఒక్కో మెట్టు 8.7 మిల్లీమీటర్లు, నున్నటి గోడ మీద చారలు పడతాయి.