ఎన్నికల విధులు, నేరచరిత్ర: అపోహలు - వాస్తవాలు

పోలింగ్ సిబ్బంది శిక్షణ తరగతుల్లో ఈవీఎం గురించి అడిగేవారి కంటే, "ఫలానా ఆయన మీద కేసుందండీ, బూత్‌లో కూర్చోవచ్చా?" అని అడిగేవారే నాకు ఎక్కువగా తారసపడ్డారు. ఆయన ఏ కుర్చీలో కూర్చుంటారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

అపోహ: శిక్ష పడిన ఉద్యోగికి మాత్రమే ఎన్నికల విధులు వేయరు.

వాస్తవం: 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 26వ సెక్షన్‌లో ప్రిసైడింగ్ అధికారి (బూత్ బాధ్యుడు), ఆయన కింది పోలింగ్ అధికారుల నియామకానికి ఉన్న అడ్డు, ఆ ఎన్నికలో అభ్యర్థి తరఫున పనిచేసి ఉండకూడదన్నదే, నేరం ఊసు అందులో లేదు. ఎన్నికల సంఘం ఉత్తర్వులు మాత్రం, ఏ కోర్టులోనైనా క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే చాలు, ఆ అధికారిని ఎన్నికల పనికి దూరంగా ఉంచమంటాయి. ఎన్నికలతో నేరుగా సంబంధమున్న అధికారులు నామినేషన్ల గడువు ముగిశాక ఇచ్చే డిక్లరేషన్‌లో, పోటీదారులతో దగ్గరి బంధుత్వం లేదనీ, తమపై క్రిమినల్ కేసు లేదనీ రాసివ్వాలి. పొలం గట్టు తగాదాలో కోర్టుకెక్కిన కొట్లాట కేసును "అదీ ఒక కేసేనా" అనుకుని, లేదని సంతకం చేసిన ఉద్యోగిని నేను చూశాను. తప్పుడు డిక్లరేషన్‌కు క్రమశిక్షణ చర్య తప్పదు. అలాగని కేసుంది కదా అని ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి గైర్హాజరైతే, ఎన్నికల విధుల్లో తప్పుకు శిక్ష చెప్పే అదే చట్టం 134వ సెక్షన్ ఎదురవుతుంది. కాగితాలతో జిల్లా ఎన్నికల అధికారికి ముందే రాసుకోవాలి.

అపోహ: తన తరఫున ఎన్నికల వ్యవహారాలు చూసే ఎన్నికల ఏజెంట్‌గా అభ్యర్థి ఎవరినైనా పెట్టుకోవచ్చు.

వాస్తవం: చట్టసభ సభ్యత్వానికి గానీ, ఓటు వేయడానికి గానీ అనర్హుడైన వ్యక్తి, ఆ అనర్హత ఉన్నంతకాలం ఎన్నికల ఏజెంట్‌గా ఉండరాదని 41వ సెక్షన్ చెబుతోంది. అంటే రెండేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష పడినవారికి, 8వ సెక్షన్ ప్రకారం, శిక్ష పడిన నాటి నుంచి విడుదలయ్యాక మరో ఆరేళ్ల వరకు ఈ కుర్చీ కూడా దక్కదు. బెయిల్ వచ్చినంత మాత్రాన అనర్హత పోదు. దోషిగా తేల్చిన తీర్పుపైనే స్టే రావాలి. ఓటర్లకు లంచమిచ్చిన నేరం రుజువైతే, జరిమానాతో సరిపెట్టినా, 11ఎ సెక్షన్ కింద ఆరేళ్లు ఓటు హక్కే ఉండదు.

అపోహ: రౌడీషీట్ ఉన్న వ్యక్తి బూత్‌లో అభ్యర్థి తరఫున పోలింగ్ ఏజెంట్‌గా కూర్చోకూడదు.

వాస్తవం: రౌడీషీట్ పోలీసు స్టేషన్ రికార్డు మాత్రమే, కోర్టు తీర్పు కాదు. పైగా పోలింగ్ ఏజెంట్ల గురించిన 46వ సెక్షన్‌లో 41వ సెక్షన్ తరహా అనర్హతే లేదు. తెల్లవారుజామున, మాక్ పోల్‌కు (ఈవీఎంను సరిచూసే ఉత్తుత్తి పోలింగ్‌కు) ముందు, ఎదుటి పార్టీవారు ఎంత గొడవ చేసినా ప్రిసైడింగ్ అధికారి చూడవలసింది పోలింగ్ ఏజెంట్ నియామక పత్రమైన ఫారం 10 మీద అభ్యర్థి లేదా ఆయన ఎన్నికల ఏజెంట్ చేసిన సంతకం తన దగ్గరున్న నమూనాతో సరిపోయిందా, ఓటరు కార్డు ఉందా అన్నవే. ఆ తర్వాత సదరు ఏజెంట్ బూత్‌లో అనుచితంగా ప్రవర్తిస్తే, 132వ సెక్షన్ కింద బయటికి పంపే అధికారం ప్రిసైడింగ్ అధికారికి ఎలాగూ ఉంది.