ముందున్నవాడికే నష్టం: మోంజా, 1971

“ఇద్దరి ఇంజన్లూ సమానమే అయినప్పుడు, మలుపులేని రోడ్డు మీద వెనక కారు ముందు కారును ఎలా దాటిపోతుంది?” అని ఒక పాఠకుడు అడిగాడు. ఫార్ములా వన్ చూసేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అనుమానమే ఇది. జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, గాలి. అంతటితో వదిలేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఈ గాలే ఒక రేసు మొత్తాన్ని నడిపించిన రోజు ఒకటుంది.

1971 సెప్టెంబర్ 5, ఇటలీలో మిలాన్‌కు ఉత్తరాన ఉన్న మోంజా. ఆ ఏడాది చాంపియన్ ఎవరో అప్పటికే తేలిపోయింది. జాకీ స్టీవర్ట్ ఆగస్టులోనే, ఆస్ట్రియా రేసుతో టైటిల్ ఖాయం చేసుకున్నాడు. 5.75 కిలోమీటర్ల ట్రాక్, 55 ల్యాప్‌లు. ఒక్కో ల్యాప్ పూర్తయ్యేసరికి మొదటి స్థానంలో ఉన్నవాళ్ళ లెక్క తీస్తే ఎనిమిది మంది డ్రైవర్లు తేలారు. చివరికి బీఆర్ఎం కారులో పీటర్ గెథిన్ గెలిచాడు. రెండోవాడు రోనీ పీటర్సన్, తేడా 0.01 సెకను. మూడోవాడు ఫ్రాన్సువా సెవెర్, 0.09. నాలుగు మైక్ హెయిల్‌వుడ్, 0.18. ఐదు హౌడెన్ గాన్లీ, 0.61.

గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 67 మీటర్లు వెళుతుంది. అంటే 0.01 సెకను విలువ 67 సెంటీమీటర్లు. గంటా పద్దెనిమిది నిమిషాల పాటు 316 కిలోమీటర్లు పరిగెత్తిన ఐదు కార్లు దాదాపు 40 మీటర్ల వరసలో ఇమిడిపోయాయన్నమాట. సగటు వేగం గంటకు 242.6 కిలోమీటర్లు. అదే మోంజాలో 2003లో మైకేల్ షూమాకర్ గెలిచేదాకా ఇంతకన్నా వేగంగా ఏ ఫార్ములా వన్ రేసూ సాగలేదు.

ఈ రెండు వింతలకూ మూలం ఒకటే. వేగంగా పారే వాగులో ఒక పెద్ద బండరాయిని ఊహించుకోండి. నీళ్ళు దాని ముఖానికి కొట్టుకుని రెండు పక్కలా చీలి పరుగెడతాయి. రాయికి సరిగ్గా వెనక మాత్రం ప్రవాహం సన్నగిల్లుతుంది, సుళ్ళు తిరుగుతుంది, కొన్నిచోట్ల వెనక్కి కూడా పారుతుంది. చేప అక్కడ చేరితే తోక పెద్దగా ఆడించకుండానే నిలబడగలదు. రేసు కారులో కూర్చుని చూస్తే గాలి అంతా వాగే, కారే బండరాయి. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతూ కొంత గాలిని తనతోపాటే ఈడ్చుకెళుతుంది. వెనకవాడికి ఎదురుగా వచ్చేది అప్పటికే తన దిశలో కదులుతున్న గాలి. దీన్నే స్లిప్‌స్ట్రీమ్ అంటారు, డ్రైవర్లు ‘టో’ అంటారు. ముందు కారు వెనకదాన్ని తాడు కట్టినట్టు లాగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వెనక కారును ఎవరూ లాగడం లేదు, దాన్ని అడ్డుకునే చెయ్యి సడలుతోంది, అంతే.

ఎంత సడలుతుంది? ముందు కారు వెనక గాలి, కారు వేగంలో పదో వంతు వేగంతో అదే దిశలో కదులుతోందనుకుందాం. వెనక కారుకు తగిలే ఎదురుగాలి 0.9 వంతు. గాలి నిరోధం వేగం వర్గంతో మారుతుంది కాబట్టి 0.9ని 0.9తో గుణిస్తే 0.81. పదో వంతు తగ్గిన గాలికి 19 శాతం తగ్గిన నిరోధం! ఇక ఆ నిరోధాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో మారుతుంది. ఒంటరిగా గంటకు 300 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయే కారు, ముందు కారు ఇచ్చే ఈ గాలి నీడలో 322 దాకా పోగలదు. అదే 322ను ఒంటరిగా అందుకోవాలంటే, 430 హార్స్‌పవర్ ఇంజన్‌ను 530 చేయాలి. వంద గుర్రాల బలం ఊరికే దొరికినట్టు. ఇంజన్ కర్మాగారాలు ఏళ్ళ తరబడి చెమటోడ్చినా దొరకని బలం అది.

ఇంకొంచెం ముందుకు పోదాం, నాకు ఇష్టమైన భాగం ఇదే. డ్రైవర్, ఇంధనంతో కలిపి కారు 650 కిలోలనుకుంటే, 300 వేగంలో నిరోధం 19 శాతం తగ్గగానే దాదాపు 730 న్యూటన్ల బలం మిగులుతుంది. అంటే సెకను వర్గానికి 1.1 మీటర్ల త్వరణం, వేగం పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. పది మీటర్ల ఎడాన్ని పూడ్చడానికి దాదాపు ఐదు సెకన్లు పడుతుంది. ఆ ఐదు సెకన్లలో కారు 400 మీటర్లకు పైగా పోతుంది. కాబట్టి టో ఫలించాలంటే పొడవైన తిన్నని రోడ్డు కావాలి. అప్పటి మోంజాలో చికేన్లు, అంటే వేగం తగ్గించడానికి కట్టే వంకర మలుపులు, లేవు, పొడవైన రోడ్లన్నీ వేగం తగ్గించకుండా దూసుకుపోయేవే.

బడిలో భౌతికశాస్త్రం లెక్కలన్నిటి చివరా “గాలి నిరోధాన్ని విస్మరించండి” అని ఉంటుంది. పిల్లలకు సులువుగా ఉండాలని అలా రాస్తారు, అర్థం చేసుకోగలను. కానీ ఒక్క లెక్కలోనైనా “విస్మరించకండి” అని రాసి చూడండి. క్లాసంతా లేచి కూర్చుంటుంది.

మళ్ళీ వాగు దగ్గరికి. మొదటి రాయి వెనక పల్లంలో ఒత్తిడి తక్కువగా ఉంటుంది, ఆ పల్లమే రాయిని వెనక్కి గుంజుతుంటుంది. రెండో రాయిని బాగా దగ్గరగా పెడితే ఆ పల్లం కొంత పూడుతుంది, మొదటి రాయి మీద గుంజుడు కూడా తగ్గుతుంది. కార్లకూ ఇంతే. వెనకవాడు ముక్కును ముందువాడి తోకకు ఆనించేంత దగ్గరికొస్తే ఇద్దరికీ లాభం, వెనకవాడికి ఎక్కువ, ముందువాడికి కొద్దిగా. అందుకే గుంపు మొత్తం వేగం, అందులోని ఏ ఒక్క కారు ఒంటరి వేగం కన్నా ఎక్కువ. ఆ రోజు సగటు 242 దాటిందంటే ఇంజన్లతోపాటు గుంపుకూ అందులో వాటా ఉంది. ఒకరినొకరు ఓడించాలని చూస్తున్నవాళ్ళే ఒకరినొకరు పరిగెత్తించారు!

ఆ గాలి బలమెంతో క్రిస్ ఏమన్‌కు తెలిసొచ్చింది. మొదటి స్థానం నుంచి బయల్దేరి, రేసు చివర్లో ముందున్నాడు. హెల్మెట్ అద్దం మీది మురికి పొరను పీకబోతే అద్దం మొత్తం ఊడిపోయింది. ఆ వేగంలో గాలి నేరుగా కళ్ళలో కొడుతుంటే ఇంకేం నడుపుతాడు? ఆరోవాడిగా ముగించాడు.

గెథిన్‌ది అదృష్టమే అనేవాళ్ళున్నారు. ఈ ఆటలో ఇలాంటి నమ్మకాలకు కొదవలేదు.  నేను మాత్రం ఒప్పుకోను. మోంజా చివరి మలుపు పారబోలికా. దాని నుంచి ముందుగా బయటపడ్డవాడు వెనకవాళ్ళకు నీడ ఇస్తాడు కాబట్టి నష్టపోతాడని అందరి లెక్క. చివరి ల్యాప్‌లో గెథిన్ ఆ మలుపు లోపలివైపు దూరి, చక్రాలు పట్టేసి పొగలు కక్కేంత ఆలస్యంగా బ్రేక్ వేసి, అందరికన్నా ముందు బయటపడ్డాడు. నష్టపోవాలి కదా? ఇక్కడే ఆ వర్గం లెక్క పనికొచ్చింది. మలుపు నుంచి 200 వేగంతో బయటికొచ్చే కారుకు తగిలే నిరోధం, 300 దగ్గర ఉండేదానిలో తొమ్మిదిలో నాలుగు వంతులే. నిరోధమే తక్కువైతే దాన్ని తగ్గించే నీడ విలువా తక్కువే. టో అసలు బలం రోడ్డు చివర్లో కనిపిస్తుంది, గెలుపు గీత అంతకన్నా ముందే వచ్చేసింది. గెథిన్ గేరు మార్చే క్షణం కూడా వృథా కాకుండా ఇంజన్‌ను దాని హద్దు దాటించి తిప్పాడు. గీత దగ్గర చెయ్యి పైకెత్తాడు. ఫార్ములా వన్‌లో అతను గెలిచిన రేసు, మొదటి ముగ్గురు నిలబడే పోడియం ఎక్కిన రేసు కూడా అదొక్కటే.

మరుసటేడే మోంజాలో చికేన్లు కట్టారు, సగటు 212 దగ్గరికి పడిపోయింది. ఆ తర్వాత పరిస్థితే తిరగబడింది. రెక్కలు పెద్దవయ్యేకొద్దీ కారును నేలకు అదిమిపెట్టే డౌన్‌ఫోర్స్ కీలకమైంది. తిన్నని రోడ్డు మీద మేలు చేసే ఆ సుళ్ళ గాలే మలుపులో శత్రువైంది, ఎందుకంటే చిందరవందర గాలి మీద రెక్క సరిగ్గా పనిచేయదు. ఫార్ములా వన్ ప్రకటించిన లెక్క ప్రకారం, 2021 వరకున్న కార్లు పది మీటర్ల వెనక ఉంటే డౌన్‌ఫోర్స్‌లో 46 శాతం కోల్పోయేవి. మలుపులో దగ్గరగా ఉండలేనివాడికి ఆ తర్వాతి రోడ్డు మీద నీడ ఎక్కడ దొరుకుతుంది? దానికి మందుగా 2011లో, వెనక తరుముతున్నవాడు మాత్రమే తన కారు వెనక రెక్కను తెరిచి గాలి నిరోధం తగ్గించుకునే డీఆర్ఎస్ తెచ్చారు. 2022లో డౌన్‌ఫోర్స్‌ను ఎక్కువగా కారు అడుగునుంచే పుట్టించేలా నిబంధనలు మార్చి, ఆ 46ను 18 శాతానికి దించామని చెప్పారు. 2026 నిబంధనల్లో డీఆర్ఎస్‌ను తీసేసి, ముందు వెనక రెక్కలు రెండూ కదిలే ఏర్పాటు పెట్టారు. తిన్నని రోడ్డు మీద వాటిని పడుకోబెట్టే అవకాశం ఇప్పుడు ముందున్నవాడికీ ఉంది.