పాట పాడి కట్టకపోతే: ఆన్‌లైన్ వేలంలో అపోహలు - వాస్తవాలు

రాత్రి తొమ్మిదింటికి పాట ముగిసింది. లాట్, అంటే వేలానికి పెట్టిన వస్తువు, ఒక నిజాం కాలపు చార్మినార్ వెండి రూపాయి, ఆఖరి బిడ్ 2,950. గెలిచినాయన నమస్కారం బొమ్మ పెట్టి "పొద్దున్నే వేస్తానండీ" అన్నారు. నాలుగో రోజు వచ్చింది. డబ్బు రాలేదు, ఫోన్ ఎత్తలేదు, మెసేజ్ కింద నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

పాత నాణేలు, నోట్లు, స్టాంపులు ఆన్‌లైన్‌లో వేలం వేసే వాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. నేను మొదట ఈబే ఇండియాలో అమ్మేవాణ్ణి. 2018 ఆగస్టులో అది మూతపడ్డాక వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల వేలాల్లోకి వచ్చాను. స్వాతంత్ర్యం తర్వాతి స్టాంపులు మాత్రం ఇప్పటికీ ఈబే విదేశీ సైట్‌లో బయటి దేశాల వాళ్లకి పెడుతున్నాను. కొత్తగా అమ్మకం మొదలుపెట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను అడిగేది గ్రేడింగ్ (నాణెం ఏ స్థితిలో ఉందో అంచనా) గురించి తక్కువ, కట్టని వాళ్ల గురించి ఎక్కువ. అప్పటికే ఎవరో ఒకరు వాళ్లకి ఏదో ఒకటి చెప్పి ఉంటారు. ఆ చెప్పినవాటిలో నిలవనివి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కట్టనివాడు మోసగాడే

డబ్బు రాని ప్రతి లాట్ పక్కన, కారణం తెలిస్తే, నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు అలవాటు. ఆ పేజీలు తిరగేస్తే మోసం అన్న మాట చాలా అరుదుగా కనిపిస్తుంది. ఒకాయన అదే రకం నాణేనికి రెండు గ్రూపుల్లో బిడ్ వేసి రెండూ గెలిచారు. ఒకరు 350 అనబోయి 3,500 కొట్టారు. ఒకరికి యూపీఐలో ఆ రోజు లక్ష పరిమితి అయిపోయింది, మర్నాటికి సంగతి మరిచిపోయారు. పాట ముగిశాక రెండు రోజుల్లో వెండి ధర పడితే మాట మార్చినవాళ్లు కొందరున్నారు. పోస్టు ఖర్చు ఎంతో ముందు తెలియక, తెలిశాక ముఖం చాటేసినవాళ్లు ఇంకొందరు. ఈ చివరి రకం తప్పు అమ్మేవాడిదే అని నేను ఒప్పుకుంటాను. 180 రూపాయల లాట్‌కి పాట అయ్యాక 90 రూపాయల పోస్టేజీ చెబితే ఎవరికైనా మనసు విరుగుతుంది.

మా గ్రూపుల్లో ఇంకో అలవాటు ఉంది, హోల్డ్. "అన్నీ కలిపి ఒకే పార్సిల్‌లో పంపండి, నెలాఖరున లెక్క చూసుకుందాం" అంటారు. పార్సిల్ ఆపడం వేరు, డబ్బు ఆపడం వేరు. నేను పార్సిల్ నెల రోజులైనా ఆపుతాను, డబ్బు మాత్రం ఏ లాట్‌ది ఆ లాట్‌కి రెండు రోజుల్లో రావాలి. ఈ తేడా లిస్టింగ్‌లోనే (అమ్మకపు ప్రకటనలోనే) రాయడం మొదలుపెట్టాక నా దగ్గర కట్టని లాట్లు బాగా తగ్గాయి.

ఒకసారి ఒక తండ్రి ఫోన్ చేశారు. "మా అబ్బాయి తొమ్మిదో తరగతండీ, నా ఫోన్‌లోంచి పాడేశాడు." అవతలివాడు పద్దెనిమిదేళ్లు నిండనివాడైతే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ ఒప్పందమే చెల్లదు. వాదించే అవసరం లేదు, కోప్పడే అవసరం అంతకన్నా లేదు. ఆ లాట్ రద్దు చేసి, పిల్లవాడికి ఆసక్తి ఉంటే ఆల్బమ్‌తో మొదలుపెట్టమని చెప్పాను.

అపోహ: పాడాడంటే కట్టి తీరాలి, చట్టం మన వైపే

ఇది సగం నిజం. ఆ మిగతా సగం తెలియకే చాలామంది దెబ్బతింటారు.

1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ వేలం గురించే. సుత్తి దెబ్బతోగానీ, అలవాటైన మరో పద్ధతిలోగానీ పాట ముగిసిందని ప్రకటించినప్పుడు అమ్మకం పూర్తవుతుంది. మన ఊళ్లలో చెరువు చేపల పాటలో "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అనడం ఇదే. అంతవరకు ఏ పాటదారైనా తన పాట వెనక్కి తీసుకోవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి ముగింపు టైముకి ముందే "పొరపాటున పడింది, తీసేయండి" అన్నవాణ్ణి ఎగవేతదారు అనడం సరికాదు. ఈబేలో కూడా అంకె తప్పు పడటం లాంటి కొన్ని కారణాలకి బిడ్ ఉపసంహరించుకునే వీలుంది.

ముగిశాక మాత్రం ఒప్పందం ఒప్పందమే. కట్టకపోతే దావా వేసే హక్కు మనకుంది. కానీ 2,950 రూపాయల కోసం వేరే జిల్లాలో ఉన్న మనిషి మీద కోర్టుకెళ్లేవాడు ఎవరు? నిజంగా పనికొచ్చేది అదే చట్టంలోని 54వ సెక్షన్. సరుకు ఇంకా మన చేతిలోనే ఉండి డబ్బు రాకపోతే, "ఫలానా తేదీలోగా కట్టకపోతే తిరిగి అమ్ముకుంటాను" అని ముందు నోటీసు ఇవ్వాలి. సమంజసమైన గడువు దాటాక వేరేవాళ్లకి అమ్ముకోవచ్చు. రెండోసారి తక్కువ ధర పలికితే ఆ నష్టం మొదటివాణ్ణి అడిగే హక్కు ఉంటుంది, ఎక్కువ పలికితే లాభం మనదే. నోటీసు ఇవ్వకుండా అమ్మేస్తే లెక్క తిరగబడుతుంది: నష్టం అడగలేం, లాభం వస్తే అది మొదటివాడికి చెందుతుంది. అందుకే ఎంత చిన్న లాట్ అయినా ఆ ఒక్క మెసేజ్ నేను మానను:

"నమస్తే అండీ. 14వ తేదీ వేలంలో మీరు గెలిచిన లాట్ 27కి రూ. 2,950, పోస్టేజీతో కలిపి రూ. 3,030 ఇంకా అందలేదు. 20వ తేదీ సాయంత్రం 6 వరకు మీ కోసం ఉంచుతాను. ఆ తర్వాత తిరిగి అమ్మకానికి పెడతాను. ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి."

దెప్పిపొడుపు వద్దు, బెదిరింపు వద్దు. తేదీ, లాట్ నంబరు, మొత్తం ఉంటే చాలు. రోజుకో రిమైండర్ పంపేవాళ్లని చూశాను. అవతలివాడు మ్యూట్ చేసుకుంటాడు, అసలు నోటీసు కూడా చదవడు. నేను పంపేవి రెండే: రెండో రోజు గుర్తుచేస్తూ ఒకటి, నాలుగో రోజు పైన రాసినది.

అపోహ: మొదటివాడు కట్టకపోతే రెండోవాడికి అతని బిడ్ ధరకే ఇచ్చేయడమే

ఇక్కడ నాకు చాలామంది అమ్మకందారులతో పేచీ ఉంది. లెక్క చూడండి. చార్మినార్ రూపాయికి మూడో పాటదారు 1,200 దగ్గర ఆగారు. తర్వాత ఇద్దరు పోటీపడి పెంచుకుంటూ పోయారు. రెండో ఆయన 2,900 దగ్గర ఆగితే, మొదటి ఆయన 2,950 అని గెలిచి మాయమయ్యారు. ఇప్పుడు రెండో ఆయన్ని 2,900 అడగడం న్యాయమా? ఆ కట్టని మనిషి పాటలో లేకపోతే ఆయనకి 1,250కే దక్కేది. 1,250 నుంచి 2,900 వరకు పెరిగిందంతా, డబ్బు కట్టే ఉద్దేశం లేని మనిషితో పోటీపడి పెరిగింది.

ఈబేలో రెండో అవకాశం కింద ఇచ్చే ఆఫర్ ఆ బిడ్డర్ వేసిన గరిష్ఠ బిడ్ ధరకే వెళ్తుంది. అక్కడ పద్ధతి అది, బిడ్డర్‌కి తెలుసు, నచ్చకపోతే వదిలేస్తాడు. మన గ్రూపుల్లో రోజూ ముఖాలు చూసుకునే మనుషులం. 2,900 అడిగిన మరుక్షణం రెండో ఆయన మనసులో ఒకే ప్రశ్న మెదులుతుంది: మొదటివాడు నీ మనిషేనా? ధర పెంచడానికి అమ్మేవాడే దొంగపాట పాడించడం ఈ రంగంలో లేనిదేమీ కాదు. అలాంటి హక్కు ముందుగా ప్రకటించకుండా అమ్మేవాడు తన తరఫున పాడించుకుంటే, ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించవచ్చని 64వ సెక్షనే అంటోంది. ఈబే కూడా దాన్ని నిషేధించింది. కాబట్టి ఆ అనుమానం రావడం సహజం, దాన్ని పోగొట్టే బాధ్యత మనది.

నేను చేసేది ఇది. కట్టని మనిషి బిడ్లన్నీ తీసేసి మళ్లీ లెక్కవేస్తాను. వచ్చిన ధర, అంటే ఇక్కడ 1,250, రెండో ఆయనకి చెబుతాను, లెక్క కూడా చూపిస్తాను. ఆ ధరకి నాకు గిట్టదంటే అసలు ఆఫరే ఇవ్వను, తిరిగి వేలానికి పెడతాను. ఇలా ఇచ్చినప్పుడు కొందరు తమంతట తామే ఇంకాస్త కలిపి కట్టారు. కలపకపోయినా ఫర్వాలేదు, ఆ మనిషి మళ్లీ నా వేలానికి వస్తారు.

అపోహ: పేరు, ఫోటో, ఫోన్ నంబరు గ్రూపులో పెడితే బుద్ధొస్తుంది

ఈ తప్పు నేను చేశాను. 1948 గాంధీ స్టాంపుల సెట్ ఒకటి 12 రోజులు కట్టకుండా ఉండిపోయింది. కోపంలో ఆయన పేరు, నంబరు మూడు గ్రూపుల్లో "జాగ్రత్త" అని పెట్టాను. ఆ సాయంత్రం ఆయన తన బ్యాంకు స్టేట్‌మెంట్ పంపారు. డబ్బు రెండో రోజే కట్టారు, నా పాత ఖాతాకి. పాత లిస్టింగ్‌ని కాపీ చేసి కొత్తది పెట్టినప్పుడు ఖాతా నంబరు మార్చడం నేనే మరిచాను. మెసేజ్‌లు చూసినా, "కట్టేశాను కదా, ఈయనకే తెలుస్తుంది" అనుకుని ఊరుకున్నారట. మూడు గ్రూపుల్లో క్షమాపణ రాశాను. పెద్దాయన, రిటైరైన టీచరు, ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి నా వేలంలో కనిపించలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

పరువునష్టం కేసు అవకాశం సరేసరి. అసలు మన దగ్గరున్న సమాచారం ఎంత అసంపూర్ణమో ఆలోచించండి. గ్రూపు అడ్మిన్‌కి విడిగా, ఆధారాలతో చెప్పండి. అడ్మిన్లు తమలో తాము మాట్లాడుకుంటారు, అలవాటుగా ఎగవేసేవాళ్లు వాళ్లకి ముందే తెలుసు.

అపోహ: ఈబేలో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇస్తే సరి

కొన్న వాళ్లకి నెగెటివ్ ఇచ్చే వీలు అమ్మేవాళ్లకి 2008 నుంచే లేదు. పాజిటివ్ పెట్టి లోపల తిట్లు రాసేవాళ్లున్నారు, అది కూడా నియమాలకి విరుద్ధం.

అక్కడ అసలు ఆయుధం రద్దు చేసేటప్పుడు ఎంచుకునే కారణం. కొన్నవాడికి నాలుగు రోజుల గడువు ఉంటుంది. ఆ తర్వాత మనం రద్దు చేయవచ్చు. అప్పుడు "కొన్నవారు డబ్బు కట్టలేదు" అన్నదే ఎంచుకోవాలి. జాలిపడి "కొన్నవారే రద్దు అడిగారు" అని పెడితే ఆ మనిషి ఖాతాలో ఏ గుర్తూ పడదు, రేపు ఇంకో అమ్మకందారుని దగ్గర అదే జరుగుతుంది. "సరుకు లేదు" అని పెడితే ఇంకా ఘోరం, మచ్చ మన ఖాతాకే పడుతుంది. సరైన కారణం పెడితే కమీషన్ వెనక్కి వస్తుంది, ఆ మనిషికి కట్టని లాట్ ఒకటి నమోదవుతుంది. ఏడాదిలో ఇలా రెండు లేదా అంతకన్నా ఎక్కువ నమోదైనవాళ్లు మన లాట్ల మీద బిడ్ వేయకుండా సెట్టింగ్స్‌లోనే అడ్డుకోవచ్చు. ఆ సెట్టింగ్ పనిచేసేది తోటి అమ్మకందారులు నిజం నమోదు చేస్తేనే.

అపోహ: స్క్రీన్‌షాట్ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టే

కాదు. నకిలీ స్క్రీన్‌షాట్ తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. ఎస్సెమ్మెస్‌నీ నమ్మకండి, బ్యాంకు యాప్ తెరిచి ఖాతాలో జమ చూడండి. యూపీఐలో ప్రతి చెల్లింపుకీ 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, దాన్ని స్టేట్‌మెంట్‌తో సరిపోల్చాకే పార్సిల్ కట్టండి. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిప్పి పంపండి" అన్నా, "డబ్బు రావాలంటే ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నా అక్కడితో ఆపేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: కొత్తవాళ్లని రానివ్వకపోతే బాధే ఉండదు

కొత్తవాళ్లని ఆపేస్తే పదేళ్ల తర్వాత ఈ అభిరుచిలో ఎవరుంటారు? 50 రూపాయల రాగి నాణెంతో మొదలుపెట్టిన కుర్రవాళ్లే నా దగ్గర ఇవాళ పెద్ద లాట్లు కొంటున్నారు. కొత్త మనిషి 1,000 రూపాయలు దాటి బిడ్ వేస్తే ఒకసారి ఫోన్ చేసి మాట్లాడతాను. రెండు నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది.

ఖరీదైన లాట్లకి ధరావతు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ప్లాట్ల ఈ-వేలంలో ముందు ఈఎండీ, అంటే ధరావతు, కట్టనివాడు బిడ్డే వేయలేడు. 1994లో 450 రూపాయలకి మొదటిసారి పాడిన బాలాపూర్ గణేశుడి లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. ఆ ఏడాది పాటలో నిలబడాలంటే అంతకుముందు ఏడాది పలికిన 27 లక్షలు ముందే డిపాజిట్ చేయాలన్నారు. భక్తితో పాడే పాటకే ఆ నియమం ఉన్నప్పుడు మన వెండి రూపాయికి ఉంటే తప్పేమిటి? నేను 10,000 దాటే లాట్లకి 500 తీసుకుంటాను, ఓడినవాళ్లకి ఆ రాత్రే తిప్పి పంపేస్తాను. అది ఒక్క రోజు ఆలస్యమైనా నమ్మకం పోతుంది.

అపోహ: క్యాష్ ఆన్ డెలివరీ పెడితే సరి

పాతరోజుల్లో వీపీపీలో (పోస్ట్‌మ్యాన్‌కి డబ్బు కట్టి పార్సిల్ తీసుకునే పద్ధతిలో) పుస్తకాలు పంపినవాళ్లని అడగండి, తిరిగొచ్చిన పార్సిళ్ల కథలు చెబుతారు. తలుపు దగ్గర వద్దంటే రానూపోనూ ఖర్చు మనదే, నాణెం వారాల తరబడి దారిలోనే. వేలం లాట్లకి ఇది పనికిరాదు.

కట్టని లాట్‌ని తిరిగి పెట్టేటప్పుడు తొందర వద్దు. మర్నాడే పెడితే, ఏదో లోపం ఉందని గెలిచినవాడే వదిలేశాడనుకుంటారు. రెండు వారాలు ఆగండి. ఫోటోలు మళ్లీ తీయండి, అంచు కూడా కనిపించేలా. "14వ తేదీ వేలంలో ఈ లాట్‌కి డబ్బు అందలేదు, అందుకే తిరిగి పెడుతున్నాను" అని ఒక్క వాక్యం రాయండి, ఎవరి పేరూ వద్దు. మొదటి పాటలో పాల్గొన్నవాళ్లకి విడిగా ఒక మెసేజ్ పెట్టండి. ఆ చార్మినార్ రూపాయి విషయంలో రెండో ఆయన 1,250 ఆఫర్ వద్దన్నారు, ఈలోగా ఇంకోటి కొనుక్కున్నారట. రెండోసారి వేలంలో అది 1,600కి పోయింది. డబ్బు పావుగంటలో వచ్చింది, మర్నాడు స్పీడ్ పోస్టులో పంపించాను.