కౌన్సెలర్ జీతం క్లినిక్ ఇస్తే దంపతుల పక్షాన ఎవరు?

సరోగసీ బిడ్డ అని చెప్పి చేతిలో పెట్టిన పసికందు డీఎన్‌ఏ దంపతులతో సరిపోలకపోవడంతో 2025 జూలైలో సికింద్రాబాద్ సంతాన సాఫల్య కేంద్రం కేసు బయటపడింది. దాని మూలాలు విశాఖలోనూ కనిపించాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి పిల్లల కోసం చాలామంది పట్టేది విశాఖ బాటే. అందుకే ఆ కేసు మాట వచ్చినప్పుడల్లా ఇక్కడ గుబులు. లక్షలు కట్టే ముందు ఈ దంపతులతో నిదానంగా మాట్లాడిందెవరు?

టెస్ట్‌ట్యూబ్ బేబీల చరిత్ర తెలిసిందే. అసలు మలుపు 2022 జనవరి 25న ఏఆర్‌టీ (సహాయక సంతాన చికిత్సల) నియంత్రణ చట్టం అమల్లోకి రావడం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2005లోనే ఈ క్లినిక్‌లలో కౌన్సెలర్ ఉండాలంది కానీ, ఆ మార్గదర్శకాలకు చట్టబలం లేదు. కొత్త చట్టం కౌన్సెలింగ్‌ను తప్పనిసరి చేసింది. అయితే ఆ బాధ్యతను క్లినిక్‌కే అప్పగించింది. విజయావకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, ముప్పు వివరించాలంది. టెస్ట్‌ట్యూబ్ చికిత్స (ఐవీఎఫ్) విఫలమై ఇంటికెళ్లే మనిషి దుఃఖం మాత్రం అందులో కనబడదు. చికిత్స ఇక ఆపేయండని చెప్పాల్సిన మనిషికి జీతమిచ్చేదీ ఆ క్లినిక్కే. నా దృష్టిలో నేటి గొడవంతా ఇక్కడే మొదలైంది.

కౌన్సెలర్ ఉన్నారు, సంతకాలూ ఉన్నాయని క్లినిక్‌లు అంటాయి. చట్టం అడిగినంత వరకు అది చాలు.

మన ఇళ్లలో అవసరం వేరు. శ్రీకాకుళం తీరంలో పెళ్లయిన కుర్రాడు వేటకు గుజరాత్‌లోని వీరావల్ వెళ్తే నెలల తరబడి రాడు. ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే వైద్యులు సంతానలేమి అంటారు. ఆలుమగలు కలిసున్నది మొత్తం నాలుగైదు నెలలే అయినా ఊళ్లో కోడలికి ‘గొడ్రాలు’ అని పేరు పెట్టేస్తారు. సీమంతాలకు పిలవరు. దాదాపు సగం కేసుల్లో మగవారి సమస్య కూడా ఉంటుంది. అయినా వీర్య పరీక్ష అనగానే భర్త తల దించుకుంటాడు, మందులు ఆమె మింగుతుంది. అత్తనీ, భర్తనీ ఎదురుగా కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పే మనిషి కావాలి.

ప్రభుత్వ ఆసరా చూద్దామంటే, కేంద్ర ఆరోగ్య బీమా ఆయుష్మాన్ భారత్ సంతాన చికిత్సలకు వర్తించదు. 2022 అక్టోబరులో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కానీ ఉమ్మడి కుటుంబంలో గుట్టుగా ఫోన్ చేసుకునే చోటేదీ?

ప్రభుత్వాసుపత్రులకు కౌన్సెలర్ కొత్త కాదు. ఐసీటీసీల్లో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాల్లో) పరీక్షకు ముందూ తర్వాతా ప్రభుత్వ జీతంతో కౌన్సెలర్లు మాట్లాడుతున్నారు, ఎవరికీ ఏ ప్యాకేజీ అమ్మరు. విజయనగరం ఘోషాసుపత్రిలో, శ్రీకాకుళం సర్వజనాసుపత్రిలో స్త్రీల ఓపీ పక్కన అలాంటి కౌన్సెలింగ్ గది ఒక్కటి తెరవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక పోస్టు మంజూరైతే చాలు.