చెట్టు బరువు తెలియాలంటే నరకాల్సిందేనా? బయోమాస్ కొలతపై అపోహలు - వాస్తవాలు

ములుగు జిల్లా అడవుల్లో టేపు పట్టుకుని తిరిగే పని మాది. ఒక చోట ఉన్న చెట్లు, గడ్డి, పురుగుల బరువు, అంటే తేమంతా ఆరిపోయాక మిగిలే బరువు ఎంతో తేల్చడమే బయోమాస్ కొలవడం. అడవి ఎంత కార్బన్‌ను పట్టి ఉంచింది, పశువులకు మేత ఎంత ఉంది, పురుగులు తగ్గిపోతున్నాయా అన్న ప్రశ్నలకు జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది. కొలిచే పద్ధతిలో మంచీ చెడూ ఏమిటన్న దానిపై మాత్రం విద్యార్థుల్లోనూ బయటివాళ్లలోనూ చాలా అపోహలున్నాయి.

అపోహ: నరికి తూచకుండా చెట్టు బరువు తెలియదు.

వాస్తవం: ఇప్పటికే ఎన్నో చెట్లను నరికి తూచారు. ఆ లెక్కను వాడుకోకుండా మళ్లీ గొడ్డలి పట్టడమే తప్పు. 2014లో ఫ్రాన్స్ పర్యావరణ శాస్త్రవేత్త జెరోమ్ షావ్ బృందం ఉష్ణమండల దేశాల్లో 58 చోట్ల తూచిన 4,004 చెట్ల వివరాల నుంచి ఒక సూత్రం ఇచ్చింది. మందం, ఎత్తు, కలప సాంద్రత తెలిస్తే చాలు. 30 సెంటీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల ఎత్తు ఉన్న టేకుకు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.57 గ్రాములు అనుకుంటే, నేల పైభాగం సుమారు 420 కిలోలు వస్తుంది.

ఆ సూత్రం మన దగ్గరి జాతికి సరిపోతుందో లేదో అనుమానమైతే కొన్ని చెట్లను తూచక తప్పదు. అప్పుడు కూడా ముందు రోడ్డు వెడల్పులో పోయే చెట్లు, కూపులో, అంటే అటవీ శాఖ నరకడానికి గుర్తించిన చోట, ఎలాగూ కొట్టేవి, గాలికి పడిపోయినవి వెతకాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం అడవిలో గాలి బీభత్సానికి వేల చెట్లు వేళ్లతో సహా కూలాయి. చెట్టులో కొలవడానికి అన్నిటికంటే కష్టమైనది వేరు. మామూలుగా దాన్ని తవ్వి తీయం, పైభాగం బరువులో ఇంత భాగమని అంచనా వేస్తాం. కూలిన చెట్టు దగ్గర ఆ వేరు కళ్ల ముందే ఉంటుంది. అయితే సన్న వేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి కాబట్టి లెక్క తక్కువ చూపిస్తుంది. ఆ సంగతి పరిశోధన పేపర్లో రాయాలి. ఇంకో మాట, అభయారణ్యంలో పడిపోయిన కట్టెను కదిలించాలన్నా 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి. పడిపోయిందే కదా అని తెచ్చుకోవడం కుదరదు.

అపోహ: సాంద్రత కోసం కాండానికి వేసే చిన్న రంధ్రంతో ఏమీ కాదు.

వాస్తవం: అది గాయమే. కొన్ని జాతులు తొందరగా మూసేసుకుంటాయి, కొన్నింటిలోకి బూజు చేరి లోపల కుళ్లుతుంది. ఆ జాతి సాంద్రత పుస్తకాల్లో ఉంటే రంధ్రం వేయకండి.

అపోహ: పురుగులను ఎన్ని చంపినా పరవాలేదు.

వాస్తవం: చాలాచోట్ల జంతువులపై పరిశోధనకు అనుమతిచ్చే నైతిక కమిటీలు వెన్నెముక ఉన్న జీవుల దగ్గరే ఆగిపోతాయి. అందుకే ఇక్కడ బాధ్యత మన మీదే పడుతుంది. జర్మనీలో 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లపాటు గుడారం లాంటి వలలతో పట్టిన పురుగులను తూచి, ఎగిరే పురుగుల బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో ప్రకటించారు. ఆ పురుగులను చంపకపోయి ఉంటే ప్రపంచానికి ఆ సంగతి తెలిసేది కాదు. ఆ చావుకు అర్థం ఉందని నేను నమ్ముతాను. ఒక సెమిస్టర్ ప్రాజెక్టు కోసం నెలంతా వల కట్టి, సీసా తూచి, పురుగులను పారబోయడాన్ని మాత్రం ఒప్పుకోలేను. వారానికి ఒక రోజు తెరిస్తే సరిపోతుందేమో ముందే లెక్క వేసుకోవాలి. తూచాక ఆల్కహాల్‌లో భద్రం చేసి, జాతులు గుర్తించేవాళ్లకు అందివ్వాలి.

అపోహ: టేపు అబద్ధం చెప్పదు, కాబట్టి కొలతలో నైతికత ఏముంది?

వాస్తవం: మన అటవీ లెక్కల్లో చెట్టు మందాన్ని నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తీస్తారు. సరిగ్గా అక్కడే బుడిపె ఉంటే? చుట్టూ తీగ అల్లుకుని ఉంటే? పైన చెప్పిన టేకు చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. బుడిపె మీదుగా టేపు చుట్టి 104 అని రాస్తే బరువు 420 నుంచి 500 కిలోలు దాటుతుంది. కొలతలో పది శాతం తేడా బరువులో ఇరవై శాతం అయింది. కార్బన్ క్రెడిట్ల డబ్బు, అంటే అడవి పట్టి ఉంచిన కార్బన్‌కు వచ్చే డబ్బు, ముడిపడి ఉన్నప్పుడు ఆ తేడా ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఏ సూత్రం వాడతామో అడవిలోకి వెళ్లకముందే రాసిపెట్టుకోవాలి. అంకెలు వచ్చాక నచ్చిన సూత్రం ఎంచుకోవడం మోసమే.

అపోహ: చెట్టుకు రంగుతో నంబరు వేస్తే ఎవరికి నష్టం?

వాస్తవం: కోయ గూడేల పక్కన చెట్టు మీద నంబరు కనిపిస్తే జనానికి టెన్షన్ మొదలవుతుంది. హద్దు సర్వే, ఆ తర్వాత పోడు భూమి చుట్టూ కందకం, ఇవన్నీ చూసిన మనుషులు వాళ్లు. ఒక పెద్దమ్మ మా టేపు పట్టుకుని నిలదీసింది: "సారూ, ఈ నంబర్లు ఏసిండ్రంటే మా భూమి గుంజుకుంటరా?" అడవిలోకి వెళ్లడానికి అనుమతి కాగితం మా దగ్గర ఉంది. ఆమె ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు.

అటవీ శాఖ అనుమతి ఒక్కటే చాలదు. గ్రామసభలో కూర్చుని ఏం కొలుస్తాం, ఎందుకు, ఆ అంకె ఎవరి చేతికి వెళ్తుంది అన్నీ చెప్పాలి. వద్దంటే ఆ ప్లాట్, అంటే కొలతకు ఎంచుకున్న అడవి ముక్క, వదిలేయాలి. కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో బీడీ ఆకు ఇచ్చే తునికి పొదను బరువు కోసం కోస్తే, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి అమ్ముకునే ఇంటి కూలీకి గండి కొట్టినట్టే. తప్పనిసరైతే ఆకుల సీజన్ అయ్యాక కోయాలి. ప్లాట్‌లో దారి చూపి, చెట్ల పేర్లు చెప్పిన వాళ్లకు రోజు కూలీ ఇవ్వాలి. వాళ్లకు ఇష్టమైతే పరిశోధన పేపర్లో పేరూ వేయాలి. పోడులో ఉన్న ప్లాట్ల జీపీఎస్ గుర్తులు మాత్రం బయటపెట్టకూడదు. ఫలితాలు తెలుగులో రెండు పేజీలు రాసి, అదే గ్రామసభలో చదివి వినిపించాలి.